విరాళం ఇచ్చే ముందు, వాళ్ళు మీటింగ్ ఎన్ని గంటలకు పెడతారో అడగండి

"చదువు, మహిళలు, కుటుంబాలు, పర్యావరణం అంటూ అన్నిటికీ పనిచేస్తున్నామని చెప్పే స్వచ్ఛంద సంస్థలను నమ్మవచ్చా? ఒకే పని చేసే సంస్థకు విరాళం ఇవ్వడం మేలు కాదా?" అని అడిగారు. ఇప్పటికే జవాబులిచ్చినవాళ్ళు ఒకే పని చేసేవాళ్ళకే ఇమ్మన్నారు. అన్నీ చేస్తామనేవాళ్ళు ఏదీ సరిగా చేయరట. నేను దీనికి అస్సలు ఒప్పుకోను. ఆ నాలుగూ వేరువేరు పనులని ఆఫీసులో ఫారం నింపేవాళ్ళకు అనిపిస్తుంది. పల్లెలో కూలి చేసుకునే ఆడమనిషికి అవన్నీ ఒకే రోజులో, ఒకే ఇంట్లో ఉంటాయి.

మాది జహీరాబాద్ వైపు పల్లె. మా అమ్మ సంఘం మనిషి. 'సంఘం' అంటే మా దగ్గర వేరే వివరం అక్కర్లేదు, అందరికీ తెలుసు. వాడలోని ఆడవాళ్ళు కూడి, తలా ఇంత పొదుపు చేసుకుని, విత్తనాలు ఇచ్చిపుచ్చుకుని, పంచాయితీలు తెంపుకునే చోటు అది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఈ జవాబు రాయగలుగుతున్నానంటే కారణం ఆ సంఘంలో ఒక రాత్రి జరిగిన గొడవ. అది చెప్తాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

1990ల నడిమి మాట. నేను రెండో తరగతి అయ్యాక బడి మానేశాను. మానేశాను అనడం కూడా సరికాదు. తమ్ముడు పుట్టాడు, అమ్మ కూలికి పోవాలి, నేను వాణ్ణి చంకన వేసుకుని ఇంటి దగ్గర ఉండాలి. ఎవరూ నన్ను బడికి పోవద్దని తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున అమ్మ కొంగు నడుముకు చుట్టి పొలానికి బయల్దేరితే, తమ్ముడు నా దగ్గరికి వచ్చేవాడు, అంతే. మా వాడలో నా ఈడు ఆడపిల్లలందరి చంకల్లోనూ ఒక చంటిపిల్లో పిల్లాడో ఉండేవాళ్ళు.

సంఘం కూడేది రాత్రిపూట. అందరి ఇళ్ళల్లో వంటలై, మగవాళ్ళు, పిల్లలు తిన్నాక, మా ఇంటి ముందున్న జాగాలో బొంతలు పరిచి కూర్చునేవాళ్ళు. కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే కందిలి. ఆ రాత్రి ఎవరెవరు ఎంత విత్తనం తీసుకున్నారో పుస్తకంలో ఎక్కించాలి. సేరు తీసుకుంటే పంటయ్యాక సేరున్నర తెచ్చి సంఘం గుల్లలో పోయాలి. వెదురుతో అల్లి, మట్టీ పేడా అలికి, బూడిదా వేపాకూ కలిపి విత్తనం దాచే పెద్ద గుల్లలు అవి. ఎప్పుడూ లెక్క రాసే అబ్బాయి ఆ రోజు ఊళ్ళో లేడు. నాకు అక్షరాలు వచ్చని పుస్తకం నా చేతిలో పెట్టారు. నిద్రపోతున్న తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, వాళ్ళు చెప్తుంటే పేరు, విత్తనం, సేర్లు రాసుకుంటూ పోయాను. కొర్రలు, సామలు, కందులు, తెల్లజొన్నలు. అంతా అయ్యాక పైకి చదివి వినిపించమన్నారు. చదివాను.

మా వరుసకు పెద్దమ్మ అయ్యే ఆమె, గొంతు పెద్దది, ఊళ్ళో ఎవరికీ భయపడని మనిషి, అమ్మ వైపు తిరిగి అడిగింది. "పోరి ఇంత మంచిగ సదువుతున్నది గదనే, బడికెందుకు తోలుతలేవు?"

అమ్మకు కోపమొచ్చింది. "తోలితే చిన్నోన్ని ఎవరు పట్టుకుంటరక్కా? నువ్వు పట్టుకుంటవా? నీ బిడ్డ పోతున్నదా మరి?"

"నా బిడ్డ మేకలెంట పోతది."

ఆ మాటతో ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒకామె బిడ్డ నాలాగే చెల్లెను పట్టుకునేది, ఇంకొకామె బిడ్డ ఇంట్లో నీళ్ళు మోసి వంట చేసేది, ఒకరి పిల్ల అప్పటికే కూలికి పోతోంది. విత్తనాల లెక్క కోసం కూడిన మీటింగ్ పిల్లల లెక్కలోకి వెళ్ళిపోయింది. మా సంఘంతో పనిచేసే స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన ఒక సారు ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. బాలవాడి, అంటే చంటిపిల్లలను చూసుకునే చోటు, పెట్టడానికి నిధులున్నాయని, రోజూ పది నుంచి రెండింటి దాకా నడపవచ్చని చెప్పాడు. ఆయన మంచిగానే చెప్పాడు. కానీ పెద్దమ్మ ఊరుకోలేదు.

"పొద్దు పొడవంగనే మేం కలుపుకు పోతం. పదింటి దాక పోరగాండ్లను ఎవరు సూడాలె? రెండింటికి నువ్వు తాళమేసినంక ఏడికి పోవాలె?"

అంతకన్నా ఎక్కువసేపు నడపడానికి జీతం సరిపోదని ఆయన అన్నాడు. ఆయన చేతిలోని కాగితంలో ఉన్నది అదే. వాదన చాలాసేపు నడిచింది. కేకలు, అలకలు, మధ్యలో లేచిపోబోయినవాళ్ళను చెయ్యి పట్టి కూర్చోబెట్టడాలు. చివరికి తెంపుకున్నది ఇది. సంస్థ నాలుగు గంటల పనికి ఇచ్చే జీతం ఇవ్వాలి. మిగతా పొద్దుకు పిల్లలున్న ప్రతి ఇంటి నుంచి పంటకు మూడు సేర్ల జొన్నలు ఆయాకు ముట్టజెప్పాలి. ఆయా ఎవరో కూడా వాళ్ళే ఎన్నుకున్నారు. చదువుకున్న పిల్ల వద్దు, ఏడ్చే పిల్లను మరిపించే మనిషి కావాలన్నారు. మధ్యాహ్నం తిండికి సంఘం గింజలే. తైద (రాగి) అంబలి, కొర్ర బువ్వ, ఇంత పప్పు. ఆ గింజలు ఎక్కడివంటే, అంతకుముందు ఏళ్ళుగా పడావు పడ్డ, అంటే బీడుగా ఉన్న, చెలకలను సంఘం అప్పుతో దున్నించి, ఆ అప్పును గింజల రూపంలోనే తిరిగి పోసినవి.

ఆ జూన్‌లో నేను మూడో తరగతిలో కూర్చున్నాను. తమ్ముడు బాలవాడిలో ఉన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది చదువు కార్యక్రమమా, మహిళల కార్యక్రమమా, కుటుంబ సంక్షేమమా, పర్యావరణమా? పడావు నేల సాగులోకి రాకపోతే గింజల్లేవు. గింజలు లేకపోతే సాయంత్రం దాకా బాలవాడి లేదు. బాలవాడి లేకపోతే నాకు బడి లేదు. ఆడవాళ్ళు రాత్రి కూర్చుని కొట్లాడకపోతే ఇవేవీ లేవు. 'ఆడపిల్లల చదువు' అన్న ఒక్క పనే పెట్టుకున్న సంస్థ మా వాడకు వచ్చి ఉంటే నాకు ఒక బ్యాగూ నాలుగు నోటుపుస్తకాలూ ఇచ్చి ఫొటో తీసుకుని పోయేది. ఆ బ్యాగులో తమ్ముడి బట్టలు పెట్టుకునేదాన్ని.

మా ఒక్క వాడ కథే అనుకోకండి. మా ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా, ఎక్కువగా దళిత మహిళల సంఘాలతో ఇదే తీరులో పనిచేసింది. చిరుధాన్యాలు, విత్తన బ్యాంకులు, బాలవాడులు, మాచునూరులో పచ్చసాలె బడి, ఆ ఊళ్ళోనే 2008 అక్టోబర్‌లో గాలిలోకి వచ్చిన సంఘం రేడియో. వేరే ఊరి నుంచి నిపుణులొచ్చి నడిపిన రేడియో కాదది, సంఘం ఆడపిల్లలే రికార్డు చేసి వినిపించారు. ఆ మహిళల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇప్పుడు సూపర్ మార్కెట్లో కొర్రలు కిలో ఎంతకు కొంటున్నారో మీకు తెలుసు. మా అమ్మవాళ్ళు వాటిని దాచిన రోజుల్లో అవి పేదోళ్ళ తిండి అని చిన్నచూపు చూసేవాళ్ళు. ఆ గింజ నిలిచింది ఆ గుల్లల్లోనే. ఈ మాట చిరుధాన్యాల గురించి వీడియోలు చేసేవాళ్ళు ఒక్కరూ చెప్పరు, నాకది చాలా బాధగా ఉంటుంది.

చదువు సంగతికొస్తే ఎం.వి. ఫౌండేషన్ పేరు చెప్పుకోవాలి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చి, వాళ్ళ ఈడుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి బడికి పంపారు. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళ సూత్రం నాకు చాలా ఇష్టం. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉన్న నేనూ ఆ లెక్కలోకి వస్తాను. ఇంట్లో ఉన్న పిల్ల పని చేస్తోందని ఎవరూ అనుకోని కాలంలో వాళ్ళు ఆ మాట గట్టిగా అన్నారు.

నెల్లూరు జిల్లా దూబగుంట అయితే మీ అందరికీ తెలిసే ఉంటుంది. 1990ల మొదట్లో అక్కడ పెట్టింది సాక్షరతా కేంద్రం, అంటే అక్షరాలు నేర్పే రాత్రి బడి. సారాకు వ్యతిరేకంగా ఏమీ పెట్టలేదు. రోజంతా పనిచేసిన ఆడవాళ్ళు రాత్రి ఒకచోట కూర్చుంటే మాట సారా దగ్గరికే వెళ్ళింది. రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి సారా దుకాణం మూయించారు, ఊరూరా అంటుకుంది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. అక్షరాల కోసం పెట్టిన నిధిని అక్షరాలకే ఖర్చు పెట్టారా అని అడిగే దాత ఒకడుంటే ఆ ఉద్యమం పుట్టేదా?

అందుకే నేను ఏ సంస్థ గురించి విన్నా ముందు అడిగేది ఒకటే. ఆడవాళ్ళతో మీటింగ్ ఎన్ని గంటలకు పెడతారు? పగలు పదకొండింటికి స్కూలు ఆవరణలో అంటే ఆ సంస్థకు నేను రూపాయి ఇవ్వను. పదకొండింటికి రాగలిగిన మనిషి కూలికి పోని మనిషి. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషైతే ఎప్పుడు లేచిపోదామా అని చూస్తుంది, ఇంక నోరు తెరిచి ఏం అడుగుతుంది? రాత్రి ఎనిమిదిన్నర దాటాక అంటే, వాళ్ళు ఆ ఊళ్ళో నిద్ర చేస్తున్నారన్నమాట. రెండో ప్రశ్న, లెక్క అందరి ముందు పైకి చదువుతారా. పన్ను మినహాయింపుకు ఇచ్చే 80జీ రశీదు, ఆడిట్ రిపోర్టు అవసరమే, కాదనను. కానీ ఆడిటర్‌కు తెలిసిన లెక్క పెద్దమ్మకు తెలియకపోతే అది ఆమె సంఘం కాదు.

మీటింగ్ వేళ ఒక్కటే చూస్తే చాలదని కూడా చెప్పాలి. 2010కి ముందు, గ్రూపులకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలవాళ్ళు కూడా ఆడవాళ్ళు పనికి పోకముందే పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళు వచ్చింది వారం వారం వసూలుకు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళ మీద ఒత్తిడి పెట్టి, గ్రూపు అన్న మాటనే భయంగా మార్చేశారు. అప్పుల బాధతో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నాక, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఇప్పటికీ చదువుకున్నవాళ్ళు సైతం పొదుపు సంఘాన్నీ మైక్రోఫైనాన్స్ గ్రూపునూ ఒకటే అనుకుని మాట్లాడతారు. పొదుపు సంఘంలో డబ్బు వాళ్ళది, మాటా వాళ్ళదే. రెండోదానిలో రెండూ వాళ్ళవి కావు.

కంపెనీల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. 2014 నుంచి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలన్న చట్టం ఉంది. మంచి చట్టమే. కానీ చాలామంది ఏడాది ప్రాజెక్టులు అడుగుతారు. పడావు నేల ఏడాదిలో మాట వింటుందా? మొదటి పంటకు రాళ్ళేరాలి, గట్లు వేయాలి, ఎరువు తోలాలి. మార్చి నెలాఖరుకు ఫలితం చూపించమంటే ఏ సంస్థైనా మొక్కలు నాటి ఫొటో పంపుతుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసు నుంచి ఏటా మమ్మల్ని బస్సెక్కించి మొక్కలు నాటించడానికి తీసుకెళ్ళేవాళ్ళు. టీషర్టులు, బ్యానరు, సమోసాలు. ఎండాకాలంలో వాటికి నీళ్ళు ఎవరు పోస్తారని అడిగితే నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ టీషర్టుల డబ్బుతో ఒక ఊళ్ళో బాలవాడి ఆయాకు ఎన్ని నెలల జీతం వచ్చేదో!

ఇంకో బాధ. అమ్మ దగ్గరికి కెమెరాతో వచ్చేవాళ్ళు ఆమె కష్టాలు చెప్పమంటారు, ఏడిస్తే ఇంకా సంతోషం. ఏ నేలలో ఏ విత్తనం ఏ కార్తెలో వేయాలో, అనుముతో కలిపి ఏది చల్లాలో ఆమెకు తెలిసినంత వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ.

చిన్న సంస్థలకు ఈ మధ్య కష్టం పెరిగింది కూడా. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థ వెనకాల పల్లెలో పనిచేసే చిన్నవాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది. ఇటు మనవాళ్ళేమో కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేదని ఇవ్వడం మానేస్తున్నారు. పన్ను తగ్గకపోతే ఇవ్వకూడదా?

మీరు ఇవ్వాలనుకుంటే ఒక్కసారి పెద్ద మొత్తం కాకుండా నెలనెలా ఇవ్వండి, కనీసం మూడేళ్ళు ఆపకుండా. ఇచ్చే ముందు ఒక్కసారి ఆ ఊరికి వెళ్ళండి. సంక్రాంతి సమయంలోనైతే మా వైపు పాత పంటల జాతర జరుగుతుంది, విత్తనాలు నింపిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు. రాత్రి మీటింగ్ దాకా ఆగండి, వెనక కూర్చోండి, మిమ్మల్ని స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పబోతే వద్దనండి. నచ్చితే చెక్కుతో పాటు చిన్న ఉత్తరం రాయండి, ఈ డబ్బు జీతాలకు వాడుకోవచ్చని. అందరూ పుస్తకాలకు, బల్లలకు, మొక్కలకు ఇస్తామంటారు. పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా పిల్లలను చూసే ఆయాకు జీతం ఇస్తామనేవాళ్ళు దొరకరు. నేను ఇచ్చేది దానికే.