మందు మానేసిన తమ్ముడికి సెంటర్లో జీతం లేని డ్యూటీ, ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: మా తమ్ముడు మందు మానేసి ఏడాది దాటిందండి. ట్రీట్‌మెంట్ తీసుకున్న ప్రైవేట్ డీఅడిక్షన్ సెంటర్ వాళ్లే నువ్విక్కడే ఉండి కొత్తగా వచ్చేవాళ్లని చూసుకో అన్నారట, అప్పట్నుంచీ అక్కడే ఉన్నాడు, తిండి పెడతారు పడుకోడానికి చోటిస్తారు, జీతం లేదు. వంట, ఊడ్చడం, రాత్రిళ్లు గేటు దగ్గర కాపలా, ఎవరైనా గొడవ చేస్తే పట్టుకోవడం అన్నీ వాడే. వాడికేమో ఈ పని ఇష్టం, వదలనంటున్నాడు. దీన్లో పైకొచ్చే దారేమైనా ఉందా?
– ఒక అక్క, తెనాలి

జవాబు: ముందు జీతం సంగతి, చదవగానే నాకు కోపమొచ్చింది అక్కడే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో మందు, డ్రగ్స్ వల్ల వచ్చే సమస్యలు కూడా మానసిక జబ్బుల కిందకే వస్తాయి. చేరినవాళ్ల చేత బలవంతంగా పని చేయించకూడదు, చేస్తే తగిన డబ్బులివ్వాలి అని 20వ సెక్షన్‌లోనే ఉంది. ఇంక "పట్టుకోవడం" అని రాశారే, అది ఇంకా భయం, మనిషిని కదలకుండా కట్టడి చేయాలంటే వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్ట్ ఒప్పుకుంటేనే చేయాలి, రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే అందరూ వేలు చూపించేది మీ తమ్ముడి వైపే.

అసలు మానేయడానికి వచ్చినవాళ్లకి తోడుగా ఉండే సపోర్ట్ వర్కర్ పని అది కాదండి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి మూడు నాలుగు రోజులు చాలా డేంజర్, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయి అంటారు. అప్పుడు నాటకాలాడుతున్నాడని మంచానికి కట్టేసేవాడు కాదు, వెంటనే డాక్టర్‌ని పిలిచి వచ్చేదాకా పక్కనే కూర్చునేవాడు కావాలి. ఆ పని నేర్పాలి కదా, తాగి మానేసిన అనుభవం ఒక్కటే చాలదు.

నేర్పితే ఎంత పనవుతుందో గోవాలో జరిగిన ఒక పరిశోధనలో చూశారు. సైకాలజీ చదవని మామూలు మనుషులకి ట్రైనింగిచ్చి ప్రైమరీ హెల్త్ సెంటర్లలో తాగుడు సమస్య ఉన్న మగవాళ్లతో మహా అయితే నాలుగు సిట్టింగులు మాట్లాడించారు. మూడు నెలల తర్వాత అడిగితే ఈ కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 42 శాతం మంది ఈమధ్య అసలు ముట్టుకోలేదన్నారు, మామూలు ట్రీట్‌మెంట్ వాళ్లలో 18 శాతమే. కాకపోతే అక్కడ వాళ్లని గాలికొదిలేయలేదు, మాట్లాడింది రికార్డ్ చేసుకుని, అందరూ కూర్చుని విని, ఎక్కడ బాగా చేశారో ఎక్కడ తడబడ్డారో చెప్పుకునేవాళ్లు. నా దృష్టిలో సర్టిఫికెట్ కన్నా ముఖ్యం ఇదే, రోజంతా వేరేవాళ్ల బాధ వినేవాడికి వాడి బాధ వినే సీనియర్ ఒకరుండాలి, లేకపోతే వాడే మళ్లీ బాటిల్ పట్టుకునే ప్రమాదం ఉంది.

దారి ఉందా అంటే ఉంది. కేంద్రం గ్రాంటుతో నడిచే సెంటర్లలో పీర్ ఎడ్యుకేటర్ అని పోస్టు ఉంటుంది, మానేసి కొంతకాలం నిలబడ్డవాళ్లకే ఇస్తారు, జీతం పెద్దగా ఉండదు కానీ ఉంటుంది. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో అలాంటి సెంటర్ ఎక్కడుందో చెప్తారు, ఫ్రీ నంబరే. అక్కడ చేరేముందు జీతం ఎంత, ట్రైనింగ్ ఎవరిస్తారు, రాత్రి పూట ఎమర్జెన్సీ వస్తే ఏ డాక్టర్‌కి ఫోన్ చేయాలి, ఈ మూడూ కాగితం మీద రాసివ్వమని అడగమనండి. ఇప్పుడున్న చోట మాత్రం ఆ పట్టుకునే డ్యూటీ ఇవాళే మానేయమని చెప్పండి.