పాడుబడిన రైల్వే భవనాన్ని పిల్లల రీడింగ్ రూమ్‌గా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయవాడలో మీ కాలనీ చివర ఖాళీగా పడి ఉన్న పాత రైల్వే భవనాన్ని పిల్లలు చదువుకునే చోటుగా మార్చాలనుకుంటున్నామన్నారు. కొంత చందా పోగైంది, ముందు గోడలకు ప్లాస్టరింగ్ చేయించాలా, రంగులు వేయించాలా అని అడిగారు. ఇప్పుడే రెండూ వద్దండీ. ముందు నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కడైనా కారుతోందేమో చూడండి. సిమెంటు బస్తాని మాత్రం గుమ్మం దాటనివ్వకండి. గుంటూరు దగ్గర ఒక చిన్న స్టేషన్ పక్కనున్న పాత రన్నింగ్ రూమ్‌లో మేము ఆ తప్పే చేసి ఏడాది పోగొట్టుకున్నాం.

రన్నింగ్ రూమ్ అంటే డ్రైవర్లు, గార్డులు డ్యూటీ దిగి, మళ్లీ బండి ఎక్కేదాకా తిని పడుకునే చోటు. మా నాన్నగారు మీటర్ గేజి రోజుల్లో గార్డు. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ మీదుగా నంద్యాల వైపు పోయే లైను 1990లలో బ్రాడ్ గేజి అయింది. పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్ల నుంచి 1,676కి పెరిగింది. ఆవిరి ఇంజన్లూ పోయాయి, మీటర్ గేజీ పోయింది, వాటి కోసం కట్టిన గదులు తాళాలతో మిగిలాయి. మాదీ అలా మిగిలిందే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. భవనం ఎంత శిథిలమైనా స్థలం రైల్వేది. మనం అడగాల్సింది వాడుకోవడానికి అనుమతి మాత్రమే. డివిజనల్ రైల్వే మేనేజర్ పేరున అర్జీ పెట్టండి. ఎవరు వాడతారు, ఏ వేళల్లో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అందులో స్పష్టంగా రాయండి. రిటైరైన రైల్వే ఉద్యోగుల చేత కూడా సంతకాలు పెట్టించండి, మా అర్జీకి బలం వచ్చింది వాళ్లవల్లే. కూల్చేయాల్సిన భవనాల జాబితాలో మీది ఉందో లేదో మొదటి రోజే కనుక్కోండి. పాత ప్లాను దొరికితే సగం పని అయినట్టే. గుంటూరు డివిజన్ ఏర్పడింది 2003లో, మా భవనం అంతకు చాలా ముందుది, అందుకే దాని ప్లాను కోసం వేరేచోట వెతకాల్సొచ్చింది.

ఇక గోడల సంగతి. మేము పిలిచిన కాంట్రాక్టరు పది రోజుల్లో లోపలంతా సిమెంటు ప్లాస్టర్ చేసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టించి వెళ్లిపోయాడు. కొత్త పెళ్లికూతురిలా ఉందని అందరం మురిసిపోయాం. వానాకాలం వెళ్లేసరికి నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా గోడ ఉబ్బింది. వేలితో కొడితే డొల్లగా మోగింది. గోరు పెడితే అరచేతి వెడల్పు పెచ్చు ఊడొచ్చింది. వెనకాల ఇటుక తడిగా ఉంది, దాని మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది, ముట్టుకుంటే పిండిలా రాలింది.

నరసరావుపేట వైపు నుంచి ఒక ముసలి మేస్త్రి గారిని తీసుకొచ్చాం, పాత గుళ్ల మరమ్మతులు చేసిన మనిషి. గోడ మీద చెయ్యేసి, "ఇది డంగు సున్నంతో కట్టిన గోడ బాబూ. నేల చెమ్మ పీలుస్తుంది, గాలికి వదిలేస్తుంది. మీరు ఎండాకాలంలో మనిషికి గొంగళి కప్పినట్టు చేశారు" అన్నారు. డంగు సున్నం అంటే ఇసుకతో కలిపి మెత్తగా నూరిన సున్నం. జరిగింది అదే. సిమెంటు చెమ్మని బయటికి పోనివ్వదు. చెమ్మతో పాటు ఎక్కిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది.

సిమెంటంతా చిన్న ఉలితో చెక్కి తీయించి, ఆ వేసవంతా తలుపులూ కిటికీలూ తెరిచి గోడని ఆరనిచ్చాం. గుంటలో నెల రోజులు నీళ్లలో నానబెట్టిన సున్నం, జల్లించిన ఇసుక, ఇటుక పొడి కలిపి గ్రైండర్లో వెన్నలా అయ్యేదాకా తిప్పించారు మేస్త్రి గారు. కరక్కాయలు నలగ్గొట్టి బెల్లంతో నానబెడితే పది రోజులకు నురగ తేలి పుల్లటి వాసన వచ్చింది. ఆ నీళ్లే సున్నంలో పోశారు. పల్చటి పూతలు వేసి, ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీశాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది, తొందరపెట్టకూడదు. పైన వెల్ల మాత్రమే వేశాం. తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి, గోడ చెక్కుచెదరలేదు.

గోడలో రావి మొక్క ఉంటే లాగకండి, వేరుతో పాటు ఇటుకలూ వచ్చేస్తాయి. మొదలు కోసి, వేరు చచ్చాక ఆ సందులో సున్నం కూరాలి. వెనక వరండాకి పాత ఆస్బెస్టాస్ రేకులుంటే పగలగొట్టొద్దు, కొయ్యొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా పోతుంది. తెలిసినవాళ్ల చేత తడిపి నిండు రేకులుగా దించండి. దూలాల స్థానంలో పాత రైలు పట్టాలు కనిపిస్తే మార్చేయాలని కంగారుపడకండి. ఇంజనీరుకి చూపించి, బాగున్నాయంటే తుప్పు గీకించి రెడ్ ఆక్సైడ్ వేయిస్తే సరిపోతుంది.

"ఇదంతా ఎందుకు, కూల్చేసి స్లాబు వేసుకుంటే పోలా?" అని మా ఊరి పెద్దలూ అన్నారు. మీ విజయవాడలోనే సత్యనారాయణపురంలో పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు, అంటే బస్సులకు ప్రత్యేక దారి ఉండే రోడ్డు, వేశారు. రోడ్డు అవసరమే, కాదనను. కానీ ఇప్పుడు అక్కడ తిరిగే పిల్లల్లో చాలామందికి ఒకప్పుడు ఆ దారిన రైలు నడిచిందని తెలియదు. మా రన్నింగ్ రూమ్‌లో మంచాలుండే మూల పాత సున్నం మీద పెన్సిల్‌తో రాసిన బండి నంబర్లు, టైములు ఉన్నాయి, నిద్రపోయే ముందు డ్రైవర్లు రాసుకున్నవి. ఆ జానెడు మేర పూత వేయనివ్వలేదు, అద్దం బిగించాం. మా నాన్నగారు వచ్చినప్పుడల్లా ముందు అక్కడికే వెళ్లి నిలబడతారు.

ఇప్పుడు పొద్దున పేపర్లు చదివే పెద్దవాళ్లు, పగలు రైల్వే రిక్రూట్‌మెంట్ పరీక్షలకు చదివే పిల్లలు వస్తున్నారు. రిటైరైన డ్రైవర్ తాతగారొకరు రోజూ ఆరింటికి తాళం తీస్తారు. ఆయనకి ఒంట్లో బాగోక మూడు వారాలు రాకపోతే గదిలో ముక్కవాసన వచ్చింది, వాసాలకు చెదలు మొదలయ్యాయి. అందుకే మేస్త్రి కంటే ముందు తాళం తీసే మనిషిని వెతుక్కోండి, వీలైతే ఇద్దర్ని.

పైకప్పు లోపలి వైపు, గోడల అడుగు భాగం, పునాది చుట్టూ నీళ్లు ఎటు పోతున్నాయో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. మా మేస్త్రి గారికి చూపించి ఏమన్నారో రాస్తాను. కరక్కాయలకు వన్‌టౌన్‌లో మూలికల కొట్లలో అడిగి చూడండి.