పాప జబ్బును దాచవద్దు

కర్నూలు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పాపకు రెండోసారి ఫిట్స్ వచ్చాయని, పరీక్షలు చేసి మూర్ఛ వ్యాధి అని తేల్చారని, ఆ సంగతి బడిలో గానీ బంధువుల్లో గానీ తెలియనివ్వకూడదని ఇంట్లో అంటున్నారని నీవు రాసిన ఉత్తరం చదివాను. ఆడపిల్ల పెళ్లి గురించిన భయం నాకు అర్థమవుతుంది. అయినా, మీ మేనమామకు చిన్నప్పటి నుంచి ఈ జబ్బుకు దగ్గరుండి మందులు మింగించినదాన్ని కనుక చెబుతున్నాను: దాచే ఇంట్లో మందు సరిగా సాగదు. ఎదురుగా మనుషులుంటే మాత్ర బయటికి తీయరు, పెళ్లి ఇంట్లో రాత్రి వేసుకోవలసింది తెల్లవారేదాకా ఆగుతుంది. మందు తప్పడం, నిద్ర చాలకపోవడం కలిసిన రోజుల్లోనే మీ మామకు ఫిట్స్ ఎక్కువగా వచ్చేవి. దసరా రాత్రి మీ ఆదోని వాళ్లంతా కర్రల సమరం చూడటానికి దేవరగట్టుకు బయలుదేరినా, పాపను మాత్రం ఇంట్లో నిద్రపోనివ్వు.

మెదడులోని నాడీకణాల్లో విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పడం వల్ల ఫిట్స్ వస్తాయి. మాత్ర దానిని అణచి ఉంచుతుందే గానీ జబ్బును వేరుతో పెకలించదు. అందుచేత ఆరు నెలలు ఏమీ రాలేదు కదా అని మీరే ఆపవద్దు; సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచిన తరువాతే డాక్టర్లు ఆ ఆలోచన చేస్తారు, అప్పుడు కూడా కొద్దికొద్దిగా తగ్గిస్తారు. సరైన వైద్యం అందితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను మాత్రల అట్ట వెనుక వెండి కాగితం మీద, ఒక్కొక్క మాత్ర దగ్గర బాల్‌పెన్నుతో వారం పేరు రాసి, ఉదయానికి ఒక గీత, రాత్రికి రెండు గీతలు పెట్టేదాన్ని. అట్ట చూస్తే తెలిసిపోయేది, వేసుకున్నావా అని పదిమందిలో అడగవలసిన అవసరం ఉండేది కాదు.

తరగతి టీచరుకు తప్పక చెప్పు. ఫిట్స్ వచ్చినప్పుడు పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద చున్నీ మడిచి పెట్టాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ పెట్టకూడదు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగిందని మనవాళ్లు నమ్ముతారు గానీ, చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. గడియారం చూడాలి, 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో స్నానాల గదికి లోపల గడియ పెట్టుకోవద్దని, పిట్టగోడ లేని మిద్దె మీదికి ఒంటరిగా పోవద్దని పాపకు నచ్చజెప్పు.

పెళ్లికి ఇంకా చాలా కాలముంది. హిందూ వివాహ చట్టంలో అడ్డుగా ఉన్న మూర్ఛ అనే మాటను 1999లో తొలగించారు. సంబంధం కుదుర్చుకునే ముందే నిజం చెప్పండి, లేకపోతే అత్తవారింట్లో పాప మాత్రలను దొంగచాటుగా మింగవలసి వస్తుంది. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వంటి మందు గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు కనుక, మందు మార్చాలా అని డాక్టరును ముందుగానే అడగాలి; భయపడి మీరుగా మానిపించవద్దు.

మళ్లీ ఫిట్స్ వస్తే ఒకరు పాపను చూసుకుంటుండగా మరొకరు ఫోనులో వీడియో తీయండి, అది డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది. టీచరుతో మాట్లాడడానికి నీకు బెరుకుగా ఉంటే కబురు చేయి, నేను వచ్చి నీతోపాటు బడికి వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ