డాక్టర్ సలహా: 2.2 కిలోలతో పుట్టిన బాబు.. బరువు పెరగాలని చుక్కల మందు వేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకి 23 రోజులు. 38 వారాలకు నార్మల్ డెలివరీ అయింది. ఏడో నెల నుంచి నాకు బీపీ ఉంది. పుట్టినప్పుడు బరువు 2.2 కిలోలు, పొడవు 47 సెం.మీ., తల చుట్టుకొలత 33 సెం.మీ. అని కార్డులో రాశారు. నాలుగో రోజు ఇంటికి పంపినప్పుడు 2.06, మొన్న 21వ రోజు ఆశా అక్క తూస్తే 2.15 ఉన్నాడు. బుగ్గలు లేవు, తొడల దగ్గర తోలు ముడతలు పడి ఉంది. నా పాలు చాలడం లేదని అత్తమ్మ డబ్బాపాలు మొదలుపెట్టించింది. విరేచనాలు అవుతాయేమోనని ఒక చెంచా పొడికి 60 మి.లీ. నీళ్లు కలుపుతున్నాం. బరువు పెరగడానికని మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు వారం నుంచి వేస్తున్నాం. అప్పటి నుంచి ఏడుపు తగ్గింది, చక్కగా నిద్రపోతున్నాడు, పాలకు లేపినా లేవడం లేదు. మా తోడికోడలి బాబు 4.1 కిలోలతో పుట్టాడు, ఎంత ముద్దుగా ఉన్నాడో! తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక షుగర్, గుండెజబ్బులు వస్తాయని చదివాను. నిజమేనా? బాబుకి కొవ్వు పట్టాలంటే ఏం పెట్టాలి?
- ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, షుగర్ సంగతి తర్వాత చెప్తాను. ‘చక్కగా నిద్రపోతున్నాడు, పాలకు లేపినా లేవడం లేదు’ అని మీరు ఊరటగా రాశారు. నన్ను భయపెట్టింది ఆ మాటే. మూడు వారాల పసిబిడ్డ, అందులోనూ రెండుంపావు కిలోలు కూడా లేనివాడు, పాలకు లేవడం లేదంటే అది నెమ్మది కాదు. ఒంట్లో చక్కెర తగ్గి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ మొదలై ఉండొచ్చు, ఒళ్లు చల్లబడి ఉండొచ్చు, మీరు వేస్తున్న మందు మత్తు కావచ్చు. ఏదన్నది చూడకుండా చెప్పలేను. అందుకే ఈ జవాబు చదివిన పూటే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అందుబాటులో లేకపోతే జిల్లా ఆస్పత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం, అందరూ ఎస్‌ఎన్‌సీయూ అనేది, ఉంటుంది. ప్రభుత్వాస్పత్రిలో ఏడాదిలోపు పిల్లలకు వైద్యం, రవాణా ఉచితం. రేపు ఓపీకి వెళ్దాంలే అనుకోవద్దు.

చుక్కల మందు ఇప్పుడే ఆపేయండి. ఇంకొక్క చుక్క కూడా వద్దు. ఆకలి పుట్టించే మందులని అమ్మేవాటిలో చాలావాటిలో సైప్రోహెప్టడిన్ ఉంటుంది. అది అసలు అలర్జీ మందు, మత్తుగా ఉంచుతుంది. అప్పుడే పుట్టిన పిల్లలకు, నెలలు తక్కువ పిల్లలకు వాడకూడదని దాని సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది. సీసా మీద ఆ పేరుందో లేదో చూడండి. కడుపునొప్పి చుక్కల్లో వచ్చే డైసైక్లోమిన్ కూడా ఇంతే. ఆరు నెలల్లోపు పిల్లల్లో ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ వయసులో దాన్ని వాడకూడదు. ఏడుపు తగ్గిందంటే మందు పనిచేస్తోందని మీరనుకున్నారు. ఏడవని బిడ్డ పాలు అడగడు. అడగనివాడు తాగడు, తాగనివాడు ఇంకా నీరసించి ఇంకా పడుకుంటాడు. మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి మీ బాబును తూచలేదు, ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టలేదు. వారం రోజులు వేసేముందు డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది తల్లీ. ఈ వయసు పిల్లలకు మామూలుగా ఇవ్వాల్సిన చుక్కలు రెండే. విటమిన్ డి రోజుకు 400 యూనిట్లు, బరువు తక్కువ పిల్లలకైతే డాక్టర్ చెప్పిన వారం నుంచి చెప్పిన మోతాదులో ఐరన్. విటమిన్ డి చుక్కలు ఒక మి.లీ.లో 400 యూనిట్లున్నవీ, 800 ఉన్నవీ రెండూ దొరుకుతాయి. సీసా మారితే కొలత కూడా మారుతుంది.

ఇక డబ్బాపాలు. మన దగ్గర అమ్మే చాలా రకాలకు 30 మి.లీ. నీళ్లకు తలకొట్టిన చెంచా ఒకటి అని డబ్బా మీదే ఉంటుంది. మీరు 60 కలుపుతున్నారు. సరిగ్గా కలిపిన 100 మి.లీ. పాలలో దాదాపు 67 కేలరీలుంటే మీ బాబుకు అందుతున్నది 33. పొట్ట నిండుతోంది, ఒంటికి పట్టడం లేదు. పైగా అన్ని నీళ్లు వెళ్తే రక్తంలో సోడియం పలచబడి ఫిట్స్ రావచ్చు. పలచగా కలిపితే విరేచనాలు ఆగుతాయన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందోగానీ, విరేచనాలు తెచ్చేది చిక్కదనం కాదు, శుభ్రంగా లేని సీసా, పీక. చిక్కగా కలిపితే బలం అనుకోవడం కూడా తప్పే, దాంతో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీల మీద భారం పడుతుంది.

తూకం లెక్క చూద్దాం. పుట్టిన వారంలో ఏడు నుంచి పది శాతం దాకా బరువు తగ్గడం మామూలే. మీవాడు 140 గ్రాములు తగ్గాడు, అంటే ఆరున్నర శాతం లోపు. అక్కడిదాకా బాగానే ఉంది. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. 14వ రోజుకు 2.2కి వచ్చి, అక్కణ్నుంచి 20 గ్రాముల చొప్పున తక్కువలో తక్కువ లెక్కేసినా, 21వ రోజుకు 2.34 దగ్గర ఉండాలి. 2.15 దగ్గరే ఉన్నాడు, పుట్టిన బరువుకు ఇంకా 50 గ్రాములు తక్కువ. ఆస్పత్రి డిజిటల్ కాటాకూ ఇంటి దగ్గర సంచి తూకానికీ కొంత తేడా రావచ్చు, నిజమే. కానీ దాదాపు 200 గ్రాముల లోటు కాటా తేడాతో సర్దుకునేది కాదు. ఇకమీదట ఒకే కాటా మీద, బట్టలూ డైపరూ తీసేసి తూయించండి.

బుగ్గలు లేవంటున్నారు కదా, ఎందుకు లేవో చెప్తాను. బిడ్డకు చర్మం కింద కొవ్వు పట్టేది ఎక్కువగా గర్భంలోని చివరి పది పన్నెండు వారాల్లో. నెలలు నిండి పుట్టిన బిడ్డ బరువులో పదోవంతుకు కాస్త అటూఇటూగా కొవ్వే ఉంటుంది. మీకు ఏడో నెల నుంచి బీపీ. బీపీ ఉన్నప్పుడు మాయకు రక్తం సరిగా అందక, సరిగ్గా కొవ్వు పట్టాల్సిన ఆ వారాల్లోనే బిడ్డకు సరఫరా తగ్గిపోతుంది. అప్పుడు బిడ్డ శరీరం ఉన్న రక్తాన్ని ముందు మెదడుకు పంపుతుంది. కొవ్వు, కండ, లివర్‌లో నిల్వ ఉండాల్సిన చక్కెర, ఇవన్నీ వెనకబడతాయి. తల 33 సెం.మీ. ఉండి, ఒళ్లు మాత్రం చిక్కిపోయి ఉండడానికి కారణం బహుశా ఇదే. తల బాగా పెరగడం మంచి సంగతి, దాన్ని మరిచిపోకండి.

సన్నదనాన్ని లెక్కగట్టడానికి మేము వాడే సూత్రం ఒకటుంది. గ్రాముల్లో బరువును 100తో హెచ్చించి, సెంటీమీటర్లలో పొడవును మూడుసార్లు వేసి గుణిస్తే (47×47×47) వచ్చిన అంకెతో భాగించాలి. మీవాడికి 2,20,000ని 1,03,823తో భాగిస్తే 2.12 వస్తుంది. 2.2 కన్నా తక్కువైతే సన్నబడి పుట్టినట్టు, రెండున్నర చుట్టుపక్కల ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కానీ దీన్ని పట్టుకుని కూర్చోవద్దు. టేపుతో కొలిచేటప్పుడు కాళ్లు పూర్తిగా చాపారో లేదో తెలియదు. పొడవు నిజానికి 46 అయితే అదే లెక్క 2.26కి వెళ్తుంది. అందుకే ఒక్క అంకెతో తీర్పు చెప్పం. ఎన్ని వారాలకు పుట్టాడు అన్నది ముందు చూస్తాం. 34 వారాలకు 2.2 కిలోలైతే ఆ వయసుకు సరైన బరువే. 38 వారాలకైతే పెరుగుదల పట్టికలో పదో శాతం గీత కన్నా కింద. ఇద్దరూ బరువు తక్కువ పిల్లలే అయినా, ఒకరికి చూడాల్సింది ఊపిరితిత్తులు, ఇంకొకరికి చూడాల్సింది చక్కెర, వెచ్చదనం.

కొవ్వు అందం కోసం కాదు. పసిబిడ్డకు అదే దుప్పటి, అదే అన్నం కుండ. భుజం రెక్కల మధ్య, మెడ చుట్టూ, కిడ్నీల దగ్గర గోధుమరంగు కొవ్వు ఉంటుంది, అది మండి వేడి పుట్టిస్తుంది. నిల్వ తక్కువున్న బిడ్డ త్వరగా చల్లబడతాడు. చల్లబడితే ఉన్న చక్కెరను వేడి కోసం ఖర్చు చేస్తాడు. చక్కెర తగ్గితే పాలు పీల్చలేడు. అందుకే మీకు పౌడర్ల కన్నా ముందు చెప్పేది కంగారూ పద్ధతి. డైపర్, టోపీ, సాక్సులు తప్ప ఇంకేమీ లేకుండా బాబును మీ రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్లు కప్పలా ముడిచి, తల ఒక పక్కకు తిప్పి ఆనించుకోండి. పైన చీరకొంగో దుప్పటో చుట్టుకోండి. ముక్కు కనిపిస్తూ ఉండాలి. ఒక్కసారికి గంటకు తగ్గకుండా, రోజు మొత్తంలో కనీసం 8 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. బాబు తండ్రి చేయొచ్చు, అత్తమ్మ కూడా చేయొచ్చు. మనవడి కోసం ఆవిడ పడుతున్న తాపత్రయాన్ని ఇటు మళ్లించండి. రోజూ నలుగుపెట్టి కాగిన నీళ్లతో లాలపోయడం, ఆ తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం, బరువు పుంజుకునే దాకా ఆపండి. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. వస, తేనె, ఆముదం నాలుకకు రాయొద్దు.

డాక్టర్ చూసి, ఇంట్లో ఉంచొచ్చు అన్నాకే కింది మాటలు. పగలు రెండు గంటలకోసారి, రాత్రి మూడు గంటలు దాటకుండా పట్టాలి. లేవకపోతే బట్టలు విప్పి, అరికాళ్లు నిమిరి లేపండి. ముందు రొమ్ము పట్టించండి. అలిసిపోయి వదిలేశాక పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి, సీసా వద్దు. చివర్లో వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ, వాటిని వదలకండి. కిలో బరువుకు రోజుకు 150 మి.లీ. లెక్కన మీవాడికి 320 మి.లీ. పైచిలుకు కావాలి, అంటే ఎనిమిది విడతలైతే ఒక్కోసారి 40 మి.లీ. ఎంత పెంచాలో తూకం చూసి డాక్టర్ చెప్తారు. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో మాత్రం పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోజుకు ఆరుసార్లకు పైగా ఉచ్చ పోస్తుంటే పాలు అందుతున్నట్టు. పాలు చాలడం లేదన్నారు. పథ్యం పేరుతో మీకు కారప్పొడి అన్నమే పెడుతూ, నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారేమో ఆలోచించండి. బాలింత పప్పు, కూర, గుడ్డు, పెరుగు అన్నీ తినాలి, దాహమైనన్ని నీళ్లు తాగాలి.

ఇప్పుడు మీరడిగిన షుగర్ ప్రశ్న. మీరు చదివింది అబద్ధం కాదు. పుణె చుట్టుపక్కల పల్లెల్లో 1990లలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుట్టిన పిల్లల్ని కొలిచి, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. అక్కడి సగటు బరువు 3.5 కిలోలు, ఇక్కడ 2.7. మన పిల్లలకు కండ, పొట్టలోని అవయవాలు బాగా తక్కువ. కానీ భుజం రెక్క కింద చర్మం మడత పట్టి కొలిస్తే అక్కడి కొవ్వు అంతగా తగ్గలేదు. చూడ్డానికి బక్కగా ఉన్నా కండతో పోలిస్తే కొవ్వు వాటా ఎక్కువన్నమాట. కండ తక్కువైతే రక్తంలోని చక్కెర వాడుకునే చోటు తక్కువ. ఇంకొకటి మీకు నేరుగా పనికొచ్చేది. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి తూకాలు రాసిపెట్టిన దాదాపు 1500 మందిని 26-32 ఏళ్ల వయసులో పరీక్షించారు, ఫలితాలు 2004లో వచ్చాయి. షుగర్ లేదా దాని ముందు దశ ఉన్నవాళ్లు రెండేళ్ల దాకా సన్నగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా తోటివాళ్ల కన్నా వేగంగా ఒళ్లు చేస్తూ వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది పన్నెండేళ్లకు లావుగా కూడా లేరు. కాబట్టి మొదటి రెండేళ్లు తల్లిపాలతో, ఆరు నెలలు నిండాక ఇంటి తిండితో పొడవు, బరువు రెండూ ఎదగనివ్వండి. బుగ్గల కోసం చక్కెర, బిస్కెట్లు, పౌడర్లు కుక్కవద్దు. మూడు నాలుగేళ్ల తర్వాత బొద్దుగా అవుతుంటే మురిసిపోకుండా తూకం చూపించండి. ఇది ముప్పు పెరగడం గురించిన మాట. మీవాడికి షుగర్ వస్తుందని ఎవరూ చెప్పలేరు.

తోడికోడలి బాబు గురించి కూడా ఒక మాట. నాలుగు కిలోలు దాటిన ప్రతి బిడ్డా ఆరోగ్యవంతుడని అనుకోవద్దు. తల్లికి గర్భంలో షుగర్ ఉంటే ఆ చక్కెర బిడ్డకు చేరి, బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసి, అదంతా కొవ్వుగా మారుతుంది. అలాంటి పిల్లల్లోనూ పెద్దయ్యాక ఊబకాయం, షుగర్ ముప్పు ఎక్కువే. ఆవిడకు గర్భంలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు పరీక్ష చేశారో లేదో అడగండి. అప్పుడు 140 లేదా ఆపైన వచ్చి ఉంటే, కాన్పైన ఆరు వారాలకు మళ్లీ చేయించుకోవాలి.

మీ బీపీ కూడా చూపించుకోండి, బాబు హడావుడిలో దాన్ని వదిలేసినట్టున్నారు. తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే అదే రోజు వెళ్లాలి. మళ్లీ గర్భం దాల్చితే మూడో నెలలోపే డాక్టర్‌కి ఈ సంగతి చెప్పండి, కొందరికి 16 వారాలలోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. మీ అంతట మీరు వేసుకునేది కాదది.

దారిలో బాబును ఛాతీకి ఆనించుకునే తీసుకెళ్లండి. పొట్ట, పాదాలు రెండూ చల్లగా ఉంటే, డొక్కలు ఎగరేస్తుంటే, నిమిషానికి 60 సార్లకు పైగా ఊపిరి తీస్తుంటే, ఫిట్స్ వస్తే, పెదవులు నీలం తిరిగితే 108కి ఫోన్ చేయండి. కళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయేమో, మలం సున్నంలా తెల్లగా వస్తోందేమో, పాలు తాగుతూ నుదుట చెమట పడుతోందేమో గమనించి డాక్టర్‌కి చెప్పండి, మీ ఉత్తరంలో వాటి ప్రస్తావన లేదు. కార్డుతోపాటు ఆ చుక్కల సీసా, పాలడబ్బా, అందులోని చెంచా, మూడూ వెంట తీసుకెళ్లండి.