కెనడా చరిత్రను కెనడావారికే చెప్పే ఉద్యోగం మన అమ్మాయికి ఇస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బి.ఏ. చరిత్ర చివరి సంవత్సరం చదువుతోంది. కెనడా వెళ్లి పబ్లిక్ హిస్టరీలో ఎం.ఏ. చేస్తానంటోంది. వాళ్ల చరిత్రను వాళ్లకే చెప్పడానికి మన పిల్లను ఎవరు పెట్టుకుంటారు? అప్పు చేసి పంపడం మంచిదేనా? - ఒక తండ్రి

జవాబు: మీ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ముందు ఆ చదువు ఏమిటో చెబుతాను. పరిశోధకులు తేల్చిన చరిత్రను మ్యూజియం గదిలో, పాత కోటలో, రేడియోలో, బడి పిల్లల ముందు మామూలు మనిషికి అర్థమయ్యేలా, తప్పు లేకుండా చెప్పడమే పబ్లిక్ హిస్టరీ. ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలోనూ, ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరంలో ఉన్న వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోనూ దీనిలో ఎం.ఏ. ఉంది. చదివినవారు గాటినోలోని కెనడా చరిత్ర మ్యూజియం, చారిత్రక స్థలాలను చూసుకునే పార్క్స్ కెనడా, పాత పత్రాలను భద్రపరిచే లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వంటి పెద్ద సంస్థలలోనూ, ఊరూరా ఉండే చిన్న మ్యూజియాలలోనూ పని వెతుక్కుంటారు.

ఇక మన పిల్లను ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్న. కెనడా చరిత్ర అంటే ఫ్రెంచి, ఇంగ్లీషు వలసదారుల కథ మాత్రమే అన్నట్టు చాలాకాలం చెప్పుకొచ్చారు. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచిన రెసిడెన్షియల్ పాఠశాలలపై విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలు చేసింది. మ్యూజియాలు, ఆర్కైవ్స్, స్మారక ఫలకాలు ఎలా మారాలో కూడా వాటిలో ఉంది. ఆదివాసుల కథను వారి తరఫున మరొకరు చెప్పడం కాక, ఆ సమాజాలతో కూర్చుని, వారు ఒప్పుకున్న పద్ధతిలో చెప్పడం ఇప్పుడు ఈ వృత్తిలో మొదటి పాఠం. మీ అమ్మాయి అక్కడ ఎక్కువగా వినవలసింది, నేర్చుకోవలసింది ఇక్కడే.

మన దేశంతో నేరుగా ముడిపడిన భాగమూ ఆ చరిత్రలో ఉంది. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చినవారినే రానిస్తామని 1908లో కెనడా ఒక నిబంధన పెట్టింది. భారతదేశం నుంచి అలా వెళ్లే ఓడ మార్గం ఆచరణలో లేదు కనుక, పేరెత్తకుండానే మనవాళ్లకు తలుపు మూసినట్టయింది. 1914 మే 23న 376 మందితో వాంకూవర్ చేరిన కోమగాటా మారు ఓడను రెండు నెలలు నీళ్లమీదే నిలబెట్టి, అతి కొద్దిమందిని మాత్రం దిగనిచ్చి, జులై 23న వెనక్కి పంపేశారు. దీనికి కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో. వాంకూవర్‌కు దగ్గరలోని అబ్బాట్స్‌ఫర్డ్‌లో 1911 నాటి గురుద్వారాను 2002లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఇప్పుడు అక్కడ మ్యూజియం కూడా ఉంది. ఓడలో వచ్చినవారు ఎక్కువగా పంజాబీలే కావచ్చు, కానీ ఆ రోజులలోనే అమెరికా పడమటి తీరంలో, బ్రిటిష్ పాలనను ఎదిరించిన గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య మన తెలుగువారే. భారత చరిత్ర చదివి, ఆ కాలపు బ్రిటిష్ ఇండియాను ఎరిగిన విద్యార్థి ఈ కథను రెండు ఒడ్డుల నుంచీ చూడగలదు. కనుక మీ అమ్మాయి అక్కడ పరాయిది కాదని నేను నమ్మకంగా చెబుతాను.

అప్పు విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పక తప్పదు. ఈ రంగంలో తొలి ఉద్యోగాలు చాలావరకు వేసవి పనులు, కొన్ని నెలల కాంట్రాక్టులు, గ్రాంటు ఉన్నంతకాలమే ఉండే ప్రాజెక్టులు. మ్యూజియాలలో యువతకు పని చూపించే యంగ్ కెనడా వర్క్స్ పథకం పౌరులకు, శాశ్వత నివాసులకు, శరణార్థి హోదా ఉన్నవారికే వర్తిస్తుంది. విదేశీ విద్యార్థికి కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలలో అనేక పోస్టులకు ఫ్రెంచి కూడా రావాలి. ఇవి తెలియకుండా వెళ్లి కుంగిపోయిన పిల్లలను చూశాను. అందుకే ఫీజులో గణనీయమైన భాగం స్కాలర్‌షిప్‌గానో, టీచింగ్ అసిస్టెంట్ పనిగానో వస్తేనే పంపండి; మొత్తం అప్పుమీద వద్దు. విదేశీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు ఎక్కడ దొరికాయో, వాటికి జీతం ఇచ్చారో లేదో దరఖాస్తుకు ముందే ఆ విభాగానికి ఈమెయిల్ రాసి అడగమనండి. వీసా, వర్క్ పర్మిట్ నిబంధనలు తరచూ మారుతున్నాయి కనుక ఏజెంటు మాట మీద కాక కెనడా ప్రభుత్వ వెబ్‌సైటు చూసే నిర్ణయించండి.

నా సలహా ఒక ఏడాది ఆగమని. ఈలోగా హైదరాబాద్‌లోని అలయన్స్ ఫ్రాన్సైజ్‌లో ఫ్రెంచి మొదలుపెట్టాలి. దానికన్నా ముఖ్యమైన పని మీ పక్కనే, వరంగల్‌లోనే ఉంది. ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన పెద్దలను అయిదుగురిని కలిసి, అనుమతి తీసుకుని, వారి జ్ఞాపకాలను రికార్డు చేసి, అక్షరం పోకుండా రాసుకుని, వాటి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమయ్యే ఒక్క పేజీ తయారుచేయమనండి. వలసదారుల జ్ఞాపకాలను ఇలాగే సేకరించి దాచే మ్యూజియం హాలిఫాక్స్ రేవులో, పియర్ 21 దగ్గర ఉంది. ఓడలు దిగినవారు 1928 నుంచి 1971 వరకు కెనడాలో అడుగుపెట్టిన చోటు అది. ఈ పని చేస్తూ మీ అమ్మాయికి విసుగొస్తే, ఫీజు కట్టకముందే ఆ సంగతి తెలిసిపోతుంది. ఇష్టం పెరిగినా కెనడాకు డబ్బు కుదరకపోతే, బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ ఎం.ఏ. ఉంది, నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది.

ఆ ఒక్క పేజీ పూర్తయ్యాక నాకు ఒక ప్రతి పంపించండి. దరఖాస్తుతో జతచేయవలసిన వ్యాసాన్ని అక్కడి నుంచే మొదలుపెడదాం.