కొడుకు ఫోన్ ఎత్తడం లేదు

ప్రశ్న: మేం మల్లేశ్వరంలో, అబ్బాయీ కోడలూ వైట్‌ఫీల్డ్‌లో. ఉగాదినాడు అందరి ముందూ మావారు వాడి జీతం, ఇంటి అప్పు గురించి నిలదీశారు. అప్పటినుంచీ మాటల్లేవు. మా చెల్లెలి చేత చెప్పించమంటారా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: వద్దమ్మా. మధ్యవర్తి నోట మాట మారిపోతుంది. పైగా మన గొడవ బంధువుల దాకా పోయిందన్న కోపం తోడవుతుంది. మాట అన్నది మీవారు కనుక రాయాల్సిందీ ఆయనే. ఫ్యామిలీ గ్రూపులో కాదు, అబ్బాయికి విడిగా. నాలుగు వాక్యాలు చాలు: “పండగనాడు అందరి ముందూ నీ అప్పు సంగతి ఎత్తాను. అది తప్పు. ఇకమీదట నువ్వు చెబితే తప్ప డబ్బు విషయం అడగను. వీలైనప్పుడే జవాబివ్వు.”

ఇందులో ‘కానీ’, ‘నీ మంచికే’, ‘మీ అమ్మ బెంగపెట్టుకుంది’ రానివ్వకండి. క్షమాపణ కాస్తా మళ్లీ నిష్ఠూరమైపోతుంది. మగవాళ్లకు ఆ ‘కానీ’ మానడమే కష్టం! పంపే ముందు మీరొకసారి చదవండి.

నీలి టిక్కులు పడగానే ఫోన్ చేయకండి. జవాబు రాకపోతే ఒక నెలాగి, ప్రశ్నలేమీ లేని చిన్న పలకరింపు పంపండి. ‘కొన్నాళ్లు వదిలేయండి’ అని అతనంటే అదీ మానేయాలి.

కలుస్తానంటే మీరే వెళ్లండి, మెజెస్టిక్‌లో మెట్రో మారితే సరి. ఇంట్లో కాకుండా హోటల్లో, గంటసేపు కాఫీ టిఫిన్లకు. కోడలినీ రమ్మనండి. ఆ రోజు అప్పు, పిల్లలు, పాత లెక్కలు ఏవీ ఎత్తొద్దు.

మీకే దిగులు ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం. తెలుగులోనూ మాట్లాడొచ్చు.