ప్రాణం పోతున్న సర్వర్ నుంచి షేర్ ఫోల్డర్లు తరలించే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సర్వర్లో డిస్కు టకటకమంటోందనీ, ఆఫీసంతా వాడే షేర్ ఫోల్డర్లు కొత్త లినక్స్ మెషీన్ మీదికి మార్చాలనీ రాశావు. ముందు ఒక్క మాట: పాతదాన్ని బాగుచేసే పని పెట్టుకోకు. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిదిద్దే కమాండ్) నడపకు, రీబూట్ చెయ్యకు. ఆగిన డిస్కు మళ్లీ తిరుగుతుందన్న పూచీ లేదు. రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒక్కటిగా వాడే ఏర్పాటు) ఉంటే రీబిల్డ్ కూడా ఇప్పుడు వద్దు. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులన్నిటినీ మొదలంటా చదివించడమే, అవీ అదే వయసువాయె. ఇంకా మిగిలిన ఓపికేదో కాపీకే ఖర్చుపెట్టు.

డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ రిపోర్టులో 5, 197, 198 నంబర్ల వరసలు చూడు. 5 చెడిపోయి ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు (డిస్కులోని చిన్న చిన్న గడులు), 197 చదవలేక పెండింగ్‌లో పడ్డవి, 198 సరిచేయలేనివని తేలినవి. 197 గంటగంటకీ పెరుగుతుంటే ఫైళ్ల వారీగా కాపీ చేస్తూ కూర్చోకు. షేర్ ఆపి, అన్‌మౌంట్ చేసి, చెడుతున్న డిస్కుల్ని కాపీ చేసే డీడీరెస్క్యూతో డిస్కు మొత్తం ఇమేజ్ (అచ్చు నకలు) తియ్యి. మ్యాప్ ఫైల్ (ఎక్కడెక్కడ చదివిందో రాసుకునేది) తప్పకుండా ఇవ్వు, అదీ వేరే డిస్కు మీద. అది ఉంటే మధ్యలో తెగినా ఆగినచోటి నుంచే అందుకుంటుంది. మొదటి విడత చిన్న ఎన్ ఆప్షన్‌తో వెళ్తే మొరాయించే చోట్ల దగ్గర ఎక్కువసేపు గింజుకోకుండా బాగున్నదంతా ముందు లాగేస్తుంది. మొండిచోట్ల మీదికి తర్వాత ఆర్ 3తో వెళ్లు. ఎఫ్‌ఎస్‌సీకే ముచ్చట తీర్చుకోవాలంటే ఆ ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి దానిమీద తీర్చుకో.

197 కదలకుండా ఉంటే ఆర్‌సింక్ (ఫైళ్ల వారీగా కాపీ చేసే కమాండ్) చాలు. ముందు లెక్కల ఫోల్డర్, తర్వాత నడుస్తున్న పనులు, పెళ్లి వీడియోల్లాంటివి ఎవరో దాచుకునుంటారు, అవి ఆఖరున. ఆప్షన్లు చిన్న ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్, పక్కన న్యూమరిక్-ఐడీస్. చిన్న ఏ ఒక్కటే ఇస్తే హార్డ్ లింకులు (ఒకే ఫైలుకున్న అదనపు పేర్లు), ఏసీఎల్‌లు (ఎవరికి ఏ అనుమతో చెప్పే జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు (ఫైలుకు అంటిపెట్టుకున్న అదనపు వివరాలు) రావు. సాంబా (విండోస్ మెషీన్లకు ఫోల్డర్లు షేర్ చేసే ప్రోగ్రామ్) విండోస్ పర్మిషన్లను చాలాచోట్ల ఆ ఆట్రిబ్యూట్లలోనే దాస్తుంది, అందుకే రూట్‌గానే (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడపాలి. పాత ఫోల్డర్ పేరు చివర స్లాష్ మరిచిపోతే ఫోల్డర్లో ఫోల్డర్ తయారవుతుంది. అన్నిటికన్నా ముందు, కొత్త డిస్కు నిజంగా మౌంట్ అయిందా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసుకో. కాకపోతే ఆర్‌సింక్ నోరు మెదపకుండా రూట్ డిస్కుని (సిస్టమ్ ఉన్నదాన్ని) నింపేస్తుంది.

గిగాబిట్ లైన్ మీద సెకనుకు 110 ఎంబీ వస్తే గొప్ప. అంటే 1 టీబీకి రెండున్నర గంటలు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఆ లెక్క మరిచిపో.

యూజర్లను సృష్టించేటప్పుడు యూఐడీ (యూజర్ గుర్తింపు) నంబర్లు పాతవే ఇవ్వు. ఫైలు మీద ఉండేది పేరు కాదు, నంబరు. పాతదాంట్లో 1003 అకౌంటెంటుది, కొత్తదాంట్లో నిన్న చేరిన ట్రైనీది అయిందనుకో, జీతాల షీటుకి ట్రైనీయే ఓనరు. సాంబాకి కాన్ఫిగ్ ఫైల్ ఒక్కటి తెస్తే సరిపోదు. యూజర్లూ పాస్‌వర్డులూ ఉండే పాస్‌డీబీ ఫైలు రావాలి, లోకల్ ఎస్‌ఐడీ (విండోస్ ఈ సర్వర్‌ని గుర్తుపట్టే నంబరు) కూడా పాతదే పెట్టాలి. లేకపోతే విండోస్‌లో పర్మిషన్ల దగ్గర పేర్లకు బదులు పొడుగాటి నంబర్లు కనిపిస్తాయి.

అసలు మార్పు రాత్రి పెట్టుకో. డీఎన్‌ఎస్‌లో (సర్వర్ పేరుకి ఐపీ చెప్పేచోట) టీటీఎల్‌ని, అంటే మెషీన్లు పాత జవాబు గుర్తుంచుకునే సమయాన్ని, ముందురోజే 300 సెకన్లకు దించు. ట్యాలీ అందరూ మూసేశారని నీ కళ్లతో చూసి, సాంబా, ఎన్‌ఎఫ్‌ఎస్ (లినక్స్ మెషీన్లకు ఫోల్డర్లు షేర్ చేసేది) ఆపు. తెరిచిఉన్న డేటా కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది వస్తుంది. ఆఖరి ఆర్‌సింక్‌కే డిలీట్ ఆప్షన్ (పాతదాంట్లో లేనివి కొత్తదాంట్లోంచి చెరిపేది), అదీ ముందు డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపేది) చూశాకే. ఎగ్జిట్ కోడ్ 23 వస్తే కొన్ని ఫైళ్లు రాలేదని అర్థం. పాత డిస్కు చదవడంలో ఐఓ ఎర్రర్ వస్తే డిలీట్‌లు కూడా ఆగిపోతాయి. లాగ్ చదవకుండా కొత్తది తెరవకు.

ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్లలో మార్పుకి ముందే అన్‌మౌంట్ చేయించు. ఐపీ అదే ఇచ్చినా ఫైల్‌సిస్టమ్, ఐనోడ్ (ఫైలు లోపలి గుర్తు) నంబర్లు మారతాయి కాబట్టి స్టేల్ ఫైల్ హ్యాండిల్ (పాత గుర్తు చెల్లదు) అంటాయి. సర్వర్ ఈలోపే పోయిందా, హార్డ్ మౌంట్ (సర్వర్ జవాబిచ్చేదాకా వదలని మౌంట్) ఉన్న మెషీన్లలో డీఎఫ్ (డిస్కులో ఖాళీ ఎంతో చూపే కమాండ్) కొట్టినా బిగుసుకుపోతుంది. అక్కడ అన్‌మౌంట్‌కి చిన్న ఎల్ ఇవ్వు, అప్పటికీ లొంగకపోతే రీబూటే. పాత ఐపీని కొత్తదానికిస్తే పాతదాని నెట్‌వర్క్ కేబుల్ పీకిన తర్వాతే ఇవ్వు.

పొద్దున ప్రతి విభాగం నుంచి ఒకరిని పిలిచి, ఫైలు తెరిపించి, సేవ్ చేయించు. తెరుచుకున్నంత మాత్రాన సేవ్ అవుతుందని కాదు. పాత డిస్కుల మీద తేదీ, స్లాట్ నంబరు రాసిన చీటీ అంటించి బీరువాలో పెట్టు. ఒక నెలాఖరు లెక్కలు కొత్తదాని మీద ముగిసేదాకా వాటిని ఫార్మాట్ చెయ్యకు.

ఆశీస్సులతో,
మామయ్య